మార్కు చెప్పారు, తప్పు చెప్పలేదు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు కబురు చేసినప్పుడు మొదట క్రమశిక్షణ మీద రాద్దామనుకున్నాను. కానీ ఆ విషయం మీద ఈ సంచికలో కనీసం ముగ్గురైనా రాసి ఉంటారు. నేను ఈ హాస్టల్లో ఉన్న ఐదేళ్ళూ అలాగే రాసేవారు, అందులో రెండుసార్లు నేనే. అందుకని ఈసారి మన సంచికలో ఇంతవరకు ఎవరూ రాయని విషయం తీసుకున్నాను. జిమ్నాస్టిక్స్ పోటీలో ఒక పిల్లవాడికి మార్కులు కోసినప్పుడు, ఆ కోత ఎక్కడ పడిందో వాడికి చెప్పాల్సిన బాధ్యత ఎవరిది?

ఇది చాలా చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. నాకు మాత్రం దానివల్ల ఒక ఏడాది పోయింది, ఒక మణికట్టు విరిగింది.

2016లో నేను తొమ్మిదో తరగతి. ఆగస్టు 14 రాత్రి రియో ఒలింపిక్స్‌లో దీపా కర్మాకర్ వాల్ట్ ఫైనల్ ఉంది. మరునాడు జెండా వందనానికి రంగు కాగితాలు అతికించాలని వంక పెట్టి మేం ఆరుగురం మేలుకొని టీవీ చూశాం. దీపాకు నాలుగో స్థానం వచ్చింది. ఆమె మార్కు 15.066, కాంస్యం గెలిచిన స్విట్జర్లాండ్ అమ్మాయి మార్కు 15.216. తేడా 0.150. ప్రొడునోవా అనే ప్రమాదకరమైన వాల్ట్ గురించి మరునాడు పంచిన మిఠాయి తింటూ కూడా మాట్లాడుకున్నాం. ఆ వారం నుంచే వరాహ ఏటి ఇసుకలో పల్టీలు మొదలయ్యాయి. మా పీఈటీ మాస్టారు రెండు కొబ్బరి పీచు మ్యాట్లు సంపాదించి, రౌండ్ ఆఫ్, హ్యాండ్‌స్టాండ్, ఫ్రంట్ రోల్ కలిపి నాకు ఒక ఫ్లోర్ ఎక్సర్‌సైజ్ తయారు చేసిపెట్టారు. ఆయన అసలు కబడ్డీ మనిషి. తెలియకపోయినా పుస్తకం చూసి నేర్పారు. ఆ రుణం నేను మరిచిపోను.

ఆ ఏడాది జిల్లా ఎంపికలకు వెళ్ళాను. నా మార్కు 7.30 అని బోర్డు మీద రాశారు. చివరి స్థానంలో ఎంపికైన అబ్బాయికి 7.50. మాస్టారు వెళ్ళి బల్ల దగ్గర అడిగితే, "ఫామ్ లేదండీ, ఇంకా ప్రాక్టీసు చేయించండి" అన్నారట. బస్సులో తిరిగి వస్తూ ఫామ్ అంటే ఏమిటని అడిగాను. మాస్టారు కాసేపు ఆలోచించి, "ఊపు తక్కువైందేమోరా" అన్నారు.

సరే, ఊపు పెంచాలి అనుకున్నాను. దీపా కష్టమైనది చేసింది కాబట్టే ప్రపంచం చూసింది, నేనూ కష్టమైనది చెయ్యాలి అనుకున్నాను. నిలుచున్న చోటు నుంచే వెనక్కి పల్టీ కొట్టడం సాధన చేశాను. మ్యాట్లు తడిసిన రోజుల్లో ఇసుకలోనే. పదో తరగతి సగంలో ఉండగా చేయి ఆనించి పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది, నెలన్నర పిండికట్టు. పోటీలు అక్కడితో సరి.

ఇప్పుడు ఎం.పి.ఎడ్. చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ అనేది నాతోనే మొదలు. బి.పి.ఎడ్.లో ఉండగా ఒక పోటీలో జడ్జీల బల్ల దగ్గర స్కోరు చీటీలు మోసే పని నాకు అప్పగించారు. పక్కనే కూర్చున్న మేడం కళ్ళు ఆడుతున్న కుర్రాడి మీద, చేయి కాగితం మీద. కాగితం చూడకుండానే రాసుకుంటూ పోతున్నారు. ఒక్కో కదలికకు ఒక గుర్తు, దాని పక్కన 1, 3, 5 అంకెలు. కుర్రాడు ఆపిన వెంటనే కూడి, పదిలోంచి తీసి, చీటీ నా చేతికిచ్చారు. చీటీ మీద ఒకే ఒక్క అంకె ఉంది. కాగితం మీద ఆ కుర్రాడి ఆట మొత్తం ఉంది. సాయంత్రానికి ఆ కాగితాలన్నీ ఒక అట్టపెట్టెలో పడ్డాయి, పెట్టె మూలకు చేరింది.

తమ్ముళ్ళారా, ఆ సాయంత్రం నాకు ఏడుపు వచ్చినంత పనైంది. ఎందుకంటే 2016లో కూడా అలాంటి కాగితం ఒకటి ఉండే ఉంటుంది. నా తప్పులు ఒకరికి తెలుసు, రాసి కూడా పెట్టారు. అవి నా దాకా రాలేదు, అంతే.

లెక్క ఎలా వేస్తారో కొంచెం చెబుతాను. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో నాదియా కొమనేచికి పదికి పది వచ్చినప్పుడు, ఆ అంకె చూపే ఏర్పాటు లేక బోర్డు మీద 1.00 అని పడింది. ఆ పదికి పది పద్ధతి అంతర్జాతీయ పోటీల్లో 2006 నుంచి లేదు. ఇప్పుడు రెండు మార్కులు. ఒకటి డి స్కోరు, అంటే ఎంత కష్టమైన విన్యాసాలు చేశావన్నది. దీనికి పైహద్దు లేదు. రెండోది ఈ స్కోరు, అంటే ఎంత శుద్ధంగా చేశావన్నది. ఇది 10 దగ్గర మొదలై దిగుతూ వస్తుంది. చిన్న తప్పుకు 0.1, మధ్యరకం తప్పుకు 0.3, పెద్ద తప్పుకు 0.5, పడిపోతే 1.0. దిగేటప్పుడు చిన్న అడుగు జరిగితే 0.1. అబ్బాయిల ఆటలో నిలిపి చూపాల్సిన భంగిమను రెండు సెకన్లు నిలపకపోతే 0.3, అసలు ఆగకపోతే 0.5 పోవడమే కాక ఆ విన్యాసాన్ని లెక్కలోకే తీసుకోరు. ఫ్లోర్ మీద 12 మీటర్ల చదరం గీత ఒక కాలితో దాటితే 0.1, రెండు కాళ్ళతో దాటితే 0.3.

ఈ లెక్కతో నా పాత ఆటను మనసులో మళ్ళీ ఆడించుకున్నాను. మోకాళ్ళు వంగేవి, పల్టీలో కాళ్ళు విడిపోయేవి, దిగిన ప్రతిసారీ ఒక అడుగు ముందుకు పడేది. ఊపుకు దీనితో సంబంధమే లేదు. నాకు 0.20 కావలసి వచ్చింది. రెండు చోట్ల అడుగు జరగకుండా నిలబడి ఉంటే చాలు. దానికి వెనక్కి పల్టీ అక్కరలేదు, గోడకు ఆనుకుని ఒక నెల సాధన చాలు.

పెద్ద ఆటల్లోనూ ఇంతే. దీపా ప్రొడునోవాకు కఠినత మార్కు 7.0, శుద్ధతకు 8.266 వచ్చింది. అంటే 1.734 కోత. దిగేటప్పుడు ఆమె బాగా కిందికి కూలబడిందని అందరమూ చూశాం. కానీ 1.734 అనే అంకెను ఎంత తిప్పి చూసినా అందులో ఏ తప్పుకు ఎంత పోయిందో కనబడదు. ఎందుకంటే అది ఏ ఒక్క జడ్జీ వేసిన అంకె కాదు. పెద్ద పోటీల్లో అనేకమంది జడ్జీలు విడివిడిగా వేసిన మార్కుల్లో ఎక్కువ, తక్కువ తీసేసి, మిగిలినవాటి సగటు కడతారు. సగటులో తప్పు కనిపించదు. అందుకే బోర్డు చూసి నేర్చుకోమనడం అన్యాయం.

మన హైదరాబాద్ అమ్మాయి బుడ్డా అరుణా రెడ్డి సంగతి చూడండి. మొదట కరాటే నేర్చుకుని తరువాత జిమ్నాస్టిక్స్‌కు వచ్చి, 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో వాల్ట్ కాంస్యం గెలిచింది. జిమ్నాస్టిక్స్ వరల్డ్ కప్‌లో వ్యక్తిగత పతకం సాధించిన మొదటి భారతీయురాలు ఆమే. మార్కు 13.649. రజతం గెలిచిన అమ్మాయి మార్కు 13.699. తేడా 0.050. వాల్ట్ ఫైనల్లో రెండు వాల్టుల సగటు తీస్తారు కాబట్టి, ఒక వాల్టులో అందరు జడ్జీలూ చూసిన ఒక్క చిన్న అడుగు విలువ సరిగ్గా అంతే. పతకం రంగు మారేది ఆ అడుగు దగ్గర. అలాంటి ఆటలో పద్నాలుగేళ్ళ పిల్లవాడికి "ఫామ్ లేదు" అని చెప్పి పంపేస్తే వాడు ఇంటికెళ్ళి ఏం దిద్దుకుంటాడు?

ఇక్కడ జడ్జీల వైపు మాట కూడా చెప్పాలి. ఇప్పుడు నేను వాళ్ళ బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి కాబట్టి వాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు. ఒక్క పూటలో అరవై మంది పిల్లలు. ఒకడు దిగగానే ఇంకొకడు చేయెత్తి నిలబడతాడు. ఒకరికి వివరం చెప్పడం మొదలుపెడితే పదిమంది చుట్టూ చేరతారు. వివరం బేరంగా మారుతుంది, బేరం తగవుగా మారుతుంది. చొక్కాలు పట్టుకున్న సందర్భం కూడా ఒకటి చూశాను. అందుకే చాలామంది జడ్జీలు నోరు మెదపరు. అంతర్జాతీయ నిబంధనల్లో కూడా శుద్ధత మార్కు మీద ఫిర్యాదుకు తావు లేదు. కఠినత మార్కు మీద, అదీ నిర్ణీత సమయంలో, విచారణ కోరవచ్చు. ఈ నియమం సరైనదేనని నా అభిప్రాయం. వంగిన మోకాలు ఎంత వంగిందని ప్రతివాళ్ళూ వాదిస్తే పోటీ తెల్లవారినా ముగియదు.

2024 పారిస్‌లో జరిగినది చాలామంది చదివే ఉంటారు. ఫ్లోర్ ఫైనల్లో అమెరికా అమ్మాయి జోర్డాన్ చైల్స్ తరఫున కఠినత మార్కు మీద విచారణ అడిగారు. 0.1 కలిసింది, ఐదో స్థానం నుంచి కాంస్యానికి వచ్చింది. ఆ తరువాత, ఒక నిమిషం గడువు దాటి నాలుగు సెకన్లకు అడిగారని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ పెంపును కొట్టేసింది. పతకం రుమేనియా అమ్మాయి అనా బార్బోసుకు ఇచ్చారు. వివాదం అక్కడితో ఆగక స్విట్జర్లాండ్ కోర్టు దాకా వెళ్ళింది. అందరూ ఆ నాలుగు సెకన్ల గురించే మాట్లాడారు. నాకు మాత్రం అదే ఫైనల్లో ఆడిన ఇంకో రుమేనియా అమ్మాయి సబ్రీనా వోయినేయా గుర్తుండిపోయింది. గీత దాటిందని ఆమెకు 0.1 కోశారు. దాటలేదని వీడియో చూసినవాళ్ళు అన్నారు. ఆమె తరఫున విచారణ అడిగారు గానీ కఠినత మార్కు మీద అడిగారు, ఆ గీత మీద కాదు. కోత ఎక్కడ పడిందో తెలియనప్పుడు ఒలింపిక్స్ స్థాయి జట్టు కూడా వేరే ప్రశ్న అడిగి వస్తుంది. ఇక మన మాస్టారి తప్పేముంది?

నేను అడుగుతున్నది మార్కు మార్చమని కాదు. మార్కు అలాగే ఉండనివ్వండి, ఎంపికైనవాడు ఎంపికైనట్టే. తప్పు మాత్రం చెప్పండి. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లే జడ్జీలు భయపడుతున్నారు, పిల్లలు నష్టపోతున్నారు.

పరీక్షల్లో ఈ చిక్కు ఎప్పుడో విడిపోయింది. 2011 ఆగస్టులో సి.బి.ఎస్.ఇ. కేసులో సుప్రీంకోర్టు, దిద్దిన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని తీర్పు చెప్పింది. దిద్దినవారి పేరు బయటపెట్టనక్కరలేదని కూడా అదే తీర్పులో ఉంది. మన ఇంటర్ బోర్డు సైతం ఫీజు కడితే దిద్దిన పత్రం స్కాన్ కాపీ ఇస్తుంది. లెక్కల పేపరులో ఏ మెట్టు దగ్గర మార్కు పోయిందో చూసుకోవచ్చు. అదే పిల్లవాడు మైదానంలో రాసిన పరీక్షకు మాత్రం పత్రం అట్టపెట్టెలో ఉండిపోతుంది.

చదువు కూడా పక్కన పెట్టండి. మా నాన్న చెరకు రోజుల్లో బెల్లం వండే పనికి వెళ్ళేవాడు. అనకాపల్లి మార్కెట్టుకు బెల్లం వెళ్ళినప్పుడు ధర తగ్గిస్తే, షావుకారు దిమ్మ పగలగొట్టి చూపించి పాకం ముదిరిందనో, రంగు మాడిందనో చెప్పేవాడట. ఆ మాట తిరిగి పొయ్యి దగ్గరికి వచ్చేది. మరుసటి పెనానికి నాన్న మంట తగ్గించేవాడు. సంతకం పెట్టడం రాని మా నాన్నకు తన పనిలో అందిన వివరం, తొమ్మిదో తరగతి చదివిన నాకు నా ఆటలో అందలేదు.

అందరికీ అందడం లేదా అంటే, కొందరికి అందుతుంది. అసలు నా బాధ అక్కడే ఉంది. పట్నంలో అకాడమీకి వెళ్ళే పిల్లవాడి కోచ్ చాలాసార్లు తానే జడ్జీ, లేదా జడ్జీ స్నేహితుడు. టీ తాగుతూ "మీవాడికి పాదాలు సాగడం లేదు చూసుకో" అని ఒక మాట అనేస్తారు. అందులో అవినీతి ఏమీ లేదు, మనుషుల మధ్య సహజంగా నడిచే మాటే. కానీ ఆ టీ దగ్గర మన కబడ్డీ మాస్టారు ఉండరు. ఆయన బస్సుకు వేళవుతోందని పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ ఉంటారు. హాస్టల్ పిల్లవాడికీ అకాడమీ పిల్లవాడికీ మధ్య మ్యాట్ల తేడా ఉంది, తిండి తేడా ఉంది. అవి తీరడానికి డబ్బు కావాలి. ఈ తేడా తీరడానికి అర కాగితం చాలు.

అర కాగితం అంటే ఏమిటో చెబుతాను. పైన పిల్లవాడి నంబరు, లెక్కలోకి తీసుకున్న విన్యాసాలు, తీసుకోనివి. కింద గడులు: మోకాళ్ళు మోచేతులు వంగడం, కాళ్ళు విడిపోవడం, పాదాలు సాగకపోవడం, భంగిమ నిలపకపోవడం, దిగేటప్పుడు అడుగు, పడటం, గీత దాటడం. ఒక్క జడ్జీ, పేరు రాయకుండా, ఏ గడిలో ఎక్కువ పోయిందో టిక్కు పెడితే సరిపోతుంది. బోర్డు మీద మార్కుతో ఆ టిక్కుల లెక్క కుదరదు, కుదరనక్కరలేదు. అరవై మందికి తలా అర నిమిషం వేసుకున్నా మొత్తం అరగంట పని. బహుమతి ప్రదానం అయిపోయి, జాబితా సంతకమైపోయాక ఇవ్వండి, తగవుకు దారి ఉండదు. అంత కూడా కుదరదంటే, ఒక్కో అంశానికి ఒక జడ్జీ పావుగంట ఉండి పీఈటీలందరికీ కలిపి చెప్పండి: ఈ రోజు పిల్లలు ఎక్కువగా ఎక్కడ పోగొట్టుకున్నారు, ఇంటికెళ్ళి ముందు ఏది దిద్దాలి. పెద్ద అతిథుల ప్రసంగాలకు గంటన్నర దొరుకుతున్న చోట దీనికి పావుగంట దొరకదా?

మనవైపు నుంచి కూడా ఒకటి ఉంది. మనం అడిగే తీరు మారాలి. "ఎందుకు తక్కువేశారు" అంటే ఏ జడ్జీ అయినా ముఖం తిప్పుకుంటారు. అది నింద. "నా దిగడంలో ఏం కనిపించింది మేడం, ముందు ఏది సరిచేసుకోమంటారు" అని పోటీ అయిపోయాక అడగండి. నేను చూసినంతలో ఇలా అడిగినవాళ్ళలో చాలామందికి జవాబు దొరికింది. మాస్టారి ఫోన్లో వీడియో తీయించుకోవడం కూడా మంచిదే. కానీ నెమ్మదిగా తిప్పి చూసే ముందు ఒకసారి మామూలు వేగంతో చూడండి, జడ్జీ చూసింది ఆ వేగంతోనే. నెమ్మదిగా చూస్తే లేని తప్పులూ కనిపిస్తాయి, మనసు పాడవుతుంది. నిబంధనల పుస్తకం అంతర్జాతీయ సమాఖ్య ఉచితంగానే ఇస్తుంది, కానీ అది ఇంగ్లీషులో ఉంది, చాలా లావు. మన పిల్లలకు తెలుగులో నాలుగు పేజీలు చాలు. ఆ నాలుగు పేజీలు నేనే రాయడం మొదలుపెట్టాను. బొమ్మలు వేయడం నాకు రాదు, ఎవరైనా సాయం చేస్తే సంతోషం.

మొన్న సంక్రాంతి సెలవులకు ముందు వచ్చినప్పుడు వార్డెన్ గారి అనుమతితో మన హాస్టల్లోనే ఒక చిన్న ప్రయోగం చేశాను. వెనుక ఖాళీ స్థలంలో ముగ్గుపిండితో చదరం గీసి, పదకొండు మంది పిల్లల చేత ఫ్లోర్ చేయించి, అందరికీ అర కాగితాలు ఇచ్చాను. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు తన కాగితం తీసుకుని స్తంభం దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూశాడు. ఏడుస్తాడేమోనని భయపడ్డాను. తిరిగి వచ్చి, "అన్నా, తొమ్మిది టిక్కుల్లో ఆరు కాళ్ళు విడిపోయినందుకేనా?" అన్నాడు. అవునన్నాను. "పల్టీ బాగానే ఉందా మరి?" అన్నాడు. బాగుందన్నాను.

భోజనం గంట కొట్టేసరికి అందరూ కంచాలు తీసుకుని వరుసలో నిలబడ్డారు. వాడు మాత్రం రాలేదు. వెళ్ళి చూస్తే, తువ్వాలు మడిచి రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, అది జారిపోకుండా గోడకు హ్యాండ్‌స్టాండ్ వేస్తున్నాడు.